తిరిగి వచ్చే నీరు, తిరిగి రాని నీరు

'ఆటుపోట్లు' అనే మాటను మేము ఎన్నిసార్లు వాడి ఉంటామో లెక్క లేదు. మా నాయన జనాజా నాడు పరామర్శకు వచ్చిన ఒక పెద్దమనిషి కూడా, "జీవితంలో ఎన్నో ఆటుపోట్లను ఓర్చుకున్న మనిషి" అని ఆయనను కొనియాడారు. ఆటు అంటే ఏమిటో, పోటు అంటే ఏమిటో మా కళ్లతో మేము చూసింది మాత్రం ఆ తరువాత పద్నాలుగు నెలలకు, ఒకే ఒక్క రోజు. మేమంటే అన్నదమ్ములం ఇద్దరం. ఈ వ్యాసాన్ని ఇద్దరమూ కూర్చొని రాస్తున్నాము. ఇందులో ఒప్పుకోవలసిన తప్పు ఇద్దరిదీ కావడమే అందుకు కారణం.

మాది పుట్టపర్తి ప్రాంతం. చిత్రావతి ఒడ్డున పుట్టినవాళ్లం. చిత్రావతి అంటే మాకు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. వర్షం బాగా పడిన సంవత్సరంలో ఆ ఏరు పారితే పిల్లలం బడి ఎగ్గొట్టి చూడటానికి పరుగెత్తేవాళ్లం. అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడా అదనుకు పడితే వేరుశనగ, పడకపోతే వలస. రాయలసీమ రైతుకు నీళ్లంటే వచ్చేవి కావు, పోయేవి. బావి ఎండిపోయింది, చెరువు అడుగంటింది, బోరు దుమ్ము పోసింది. చిన్ననాటి నుండి మేము నీళ్ల గురించి విన్న మాటలన్నీ ఇటువంటివే.

గుంటూరులో బంధువుల ఇంట నికాహ్ ఉండి గత డిసెంబరులో అందరం ప్రయాణమయ్యాము. మా అమ్మ, మాలో పెద్దవాని భార్య, వారి ఎనిమిదేళ్ల కూతురు, మేమిద్దరం. వలీమా ముగిశాక ఒక రోజు మిగిలింది. బాపట్ల దగ్గర సూర్యలంక తీరంలో ఒక చిన్న కుటీరం అద్దెకు దొరికింది. "సముద్రం చూసేదానికి దుడ్లు ఖర్చు పెడతారా? చూస్తే ఏమొస్తుందిరా?" అని అమ్మ సణిగింది. మనవరాలు బతిమాలితే ఒప్పుకుంది. పొన్నూరు మీదుగా బస్సులో వెళ్తుంటే కాలువల నిండా కృష్ణ నీళ్లు. మాగాణి పొలాలను చూస్తూ అమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఆమె మౌనం మాకు కొత్త కాదు. నాయన పోయినప్పటి నుండి పొలం మాట ఎత్తితే ఆమె లేచి వెళ్లిపోయేది. మాకు నాలుగు ఎకరాల మెట్ట ఉంది. 2022 ఏప్రిల్‌లో పుట్టపర్తి జిల్లా కేంద్రమయ్యాక రోడ్డు పక్క పొలాలను ప్లాట్ల కోసం అడిగేవారు ఎక్కువయ్యారు. మా పొలానికీ బేరం వచ్చింది. అమ్మేద్దామని మాలో చిన్నవాడు, కొన్నాళ్లు ఆగుదామని పెద్దవాడు. అమ్మకు ఆ నేల మీద మమకారం కాబట్టి మాట్లాడటం లేదని మేమిద్దరం అనుకున్నాము. సముద్రం దగ్గరనైనా ఆమె మనసు కాస్త తేలికపడుతుందేమోనన్న ఆశ మాకు ఉండింది.

తెల్లవారుజామున ఫజ్ర్‌కు లేచాము. కుటీరంలో తాగడానికి ఇరవై లీటర్ల క్యాన్లలో నీళ్లు తెచ్చి పెట్టారు. కాపలా చూసుకునే వ్యక్తి మత్స్యకారుల కుటుంబం నుండి వచ్చినవాడు. "ఇక్కడి పంపు నీళ్లు ఉప్పగా ఉంటాయమ్మా, తాగడానికి క్యాను నీళ్లే వాడండి" అన్నాడు. అమ్మ ఆశ్చర్యపోయింది. "ఇన్ని నీళ్లు పక్కన పెట్టుకొని మీరూ క్యాను నీళ్లేనా?" అని అడిగింది. తీరప్రాంతంలో భూగర్భజలాన్ని అతిగా తోడితే ఖాళీ అయిన చోటికి సముద్రపు ఉప్పునీరు చొచ్చుకువస్తుందనీ, అలా ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్లీ తియ్యబడటం కష్టమనీ అతను చెప్పాడు. కరువు సీమలో తోడితే బావి ఎండుతుంది, సముద్రం ఒడ్డున తోడితే ఉప్పెక్కుతుంది. తోడటమే రెండు చోట్లా మనిషి చేసే పని.

ఉప్పునీళ్లతో వుజూ చెల్లుతుందా అని అమ్మకు సందేహం వచ్చింది. సముద్రంలో ప్రయాణించేవారు తమ వద్ద తాగునీరు కొంచెమే ఉంటుందని, సముద్రపు నీటితో వుజూ చేసుకోవచ్చా అని దైవప్రవక్త (స)ను అడగగా, ఆ నీరు పరిశుద్ధపరచేదేనని ఆయన బదులిచ్చిన సంగతి మేము ఆమెకు గుర్తు చేశాము. అమ్మ తన చెంబు తీసుకొని అల వద్దకు వెళ్లింది. ఇంట్లో ఆమె ఒక్క చెంబు నీళ్లతో వుజూ ముగించి, జారిన నీరు కరివేపాకు చెట్టు మొదట్లో పడేటట్లు కూర్చుంటుంది. బంగాళాఖాతం ఎదుట కూడా ఆమె ముంచుకున్నది ఒక్క చెంబే. పారే నది ఒడ్డున ఉన్నా వుజూలో నీటిని వృథా చేయరాదన్న బోధను మేము పుస్తకాలలో చదివాము. ఆమె చదవలేదు, ఆచరిస్తున్నది.

ఆ వేళ చాంద్రమాసంలో పద్నాలుగో రోజు. ఎనిమిది గంటల ప్రాంతంలో నీరు ఒడ్డు మీదికి బాగా ఎక్కి వచ్చింది. చివరి అల తడిపిన చోట పాప ఒక సరుగుడు పుల్ల నాటింది. "నేను మళ్లీ చూస్తా, ఎవరూ తీయొద్దు" అని అందరికీ హుకుం జారీ చేసింది. ఇక ఆ రోజంతా మాకు అదే గడియారం.

సముద్రాన్ని అలలుగా చూడటం వేరు, ఆటుపోట్లుగా చూడటం వేరు. అలలు క్షణక్షణం వస్తూ పోతూ ఉంటాయి, చూపును అవే లాగేసుకుంటాయి. నీరు వెనక్కి తగ్గడం మాత్రం ఎంత చూసినా కనబడదు. చాయ్ తాగి వచ్చి చూస్తే పుల్లకూ నీటికీ మధ్య నాలుగు అడుగుల తడి ఇసుక. ఇంకొక గంటకు పది అడుగులు. చిన్న చిన్న పీతలు బొరియల నుండి బయటికి వచ్చి ఇసుకను ఉండలు చేసి పెడుతున్నాయి. మనవరాలు వాటిని లెక్కపెడుతూ కూర్చుంది. మేము ఫోన్లను లోపల పెట్టేశాము. అలా ఏ పనీ లేకుండా అందరమూ ఒకే దిక్కుకు చూస్తూ కూర్చోవడం నాయన పోయాక అదే మొదటిసారి.

కాపలా మనిషి మధ్య మధ్యలో వచ్చి మా పక్కన కూర్చునేవాడు. వాళ్లు ఎక్కే నీటిని పోటు అంటారు, తగ్గే నీటిని పాటు అంటారు. "ఈ పొద్దు పున్నమి కదా, పోటు గట్టిగా ఉంటుంది. అష్టమికి ఇంత ఉండదు. రేపటి పోటు ఇంకో ముప్పావుగంట ఆలస్యంగా వస్తుంది" అన్నాడు. అతను బడికి వెళ్లింది ఐదో తరగతి వరకే. అతని లెక్క మాత్రం శాస్త్రం చెప్పేదానికి దగ్గరగానే ఉంది. చంద్రుని ఆకర్షణ వల్ల, కొంత సూర్యుని ఆకర్షణ వల్ల సముద్రపు నీరు ఇక్కడ రోజుకు రెండుసార్లు పొంగి రెండుసార్లు తగ్గుతుంది. ఒక పోటుకూ మరో పోటుకూ నడుమ సుమారు పన్నెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు. అందుకే ప్రతిరోజూ దాదాపు యాభై నిమిషాలు వెనుకబడుతుంది. సూర్యచంద్రులు భూమితో ఒకే వరుసలోకి వచ్చే అమావాస్య, పున్నములకు పోటు పెద్దది. మన తీరంలో ఈ హెచ్చుతగ్గు మీటరు అటూ ఇటూ ఉంటుంది. గుజరాత్‌లోని భావనగర్ వద్ద అది పది మీటర్ల దాకా వెళ్తుంది. పదకొండవ శతాబ్దానికి చెందిన ముస్లిం శాస్త్రవేత్త అల్ బీరూనీ హిందూదేశాన్ని గురించి రాసిన గ్రంథంలో ఆటుపోట్లకు ఒక అధ్యాయమే కేటాయించాడు. రమజాను నెలవంక కోసం ఏటా మేడలెక్కి చూసే మనకు, అదే చంద్రుడు ఇంత నీటిని కదుపుతున్నాడన్న ఎరుక మాత్రం తక్కువ.

"ఎప్పుడూ ఇంత బుద్ధిగానే ఉంటుందా ఇది?" అని అడిగింది అమ్మ. అతను తల అడ్డంగా ఊపాడు. 1977 నవంబరు ఉప్పెన సంగతి తన తండ్రి చెప్పగా విన్నానన్నాడు. దివిసీమను ముంచి వేలాది ప్రాణాలను బలిగొన్న ఆ తుపాను బాపట్ల ప్రాంతాన్నీ అతలాకుతలం చేసింది. "పోటు వేరు, ఉప్పెన వేరమ్మా. పోటుకు వేళ తెలుసు" అన్నాడు.

జుహ్ర్ నమాజు చేసుకొని, భోజనం ముగించి మళ్లీ వచ్చి కూర్చునేసరికి రెండు దాటింది. నీరు చాలా దూరం పోయింది. పొద్దున అలలు విరిగిన చోట ఇప్పుడు పిల్లలు బంతి ఆడుతున్నారు. పాప పుల్ల ఎక్కడో ఎండలో ఒంటరిగా నిలబడి ఉంది. అమ్మ చాలాసేపు ఆ పుల్లనే చూసి, "ఏంరా, ఇన్ని నీళ్లు ఎక్కడికి పోయినాయి?" అంది.

"ఎక్కడికీ పోలేదమ్మా, సాయంత్రానికి మళ్లీ వస్తాయి" అన్నాడు మాలో చిన్నవాడు.

"మీ నాయన కూడా ఇదే మాట చెబుతా ఉండె" అంది అమ్మ.

ఇక్కడ మా నాయన గురించి చెప్పాలి. ఆయన మా నాలుగు ఎకరాలలో ఏడు బోర్లు వేయించాడు. మొదటిది రెండు వందల అడుగులలోపే రెండు అంగుళాల నీళ్లు ఇచ్చింది. నాలుగేళ్లు చీనీ చెట్లు పచ్చగా నిలిచాయి. తరువాత అది ఎండింది. పక్క పొలంవాళ్లు మూడు వందల అడుగులు వేశారు, మేము నాలుగు వందలు వేశాము, వాళ్లు ఆరు వందలకు వెళ్లారు. టెంకాయ అరచేతిలో పెట్టుకొని పాయింటు చూసేవాళ్లు వచ్చారు. తిరుచెంగోడు రిగ్గు లారీలు వచ్చాయి. ప్రతి బోరు దగ్గరా నాయన "నీళ్లు ఎక్కడికి పోతాయి, వస్తాయి" అనేవాడు. ప్రతి రాత్రి పడుకునే ముందు ఆయన అల్ ముల్క్ సూరా పారాయణం చేసేవాడు. మీ నీరు భూమిలోకి ఇంకిపోతే ప్రవహించే నీటిని మీకు ఎవరు తెచ్చి ఇవ్వగలరన్న ప్రశ్నతో ఆ సూరా ముగుస్తుంది. రాత్రి ఆ ప్రశ్న చదివి, పగలు మళ్లీ రిగ్గు లారీ కోసం ఎదురుచూసేవాడు.

ఆరో బోరు పోయాక ఆయన ఆగిపోయాడు. "ఇక చాలు, వానకు పండిందే తిందాం" అన్నాడు. ఏడో బోరు వేయించింది మేమిద్దరం. అదీ మేము రాయవలసిన మాట. చీనీ చెట్లు ఎండిపోతుంటే చూడలేక, పట్నాలలో ఉద్యోగాలు చేస్తున్న కొడుకులమని ధీమాతో, ఆయనను ఒత్తిడి చేశాము. అప్పు మా పేరున కాదు, ఆయన పేరుననే తెచ్చాము. పొలం పొరుగు రైతు ఆయన ముఖం చూసి నాలుగు లక్షలు ఇచ్చాడు. అందులో ఆరో బోరు పాత బాకీ కూడా కలిసింది. ఎనిమిది వందల అడుగుల వరకు తెల్లటి రాతి దుమ్ము ఎగిరింది. ఆ దుమ్ము నాయన గడ్డం మీద పడి ఉండగా ఆయన రిగ్గువాళ్లకు డబ్బు లెక్కపెట్టి ఇచ్చిన దృశ్యం మా కళ్ల నుండి పోదు. ఆ తరువాత రెండేళ్లకే ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు.

ఎండలో తడి ఇసుకను చూస్తూ ఈ సంగతిని మొదటిసారి అమ్మ ఎదుట నోరు విప్పి చెప్పాము. ఏడో బోరు నాయన తప్పు కాదు, మాది అన్నాము. అమ్మ ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలీదా? మీరు చెబుతారని చూస్తాండా" అంది.

కాసేపటికి ఆమె తనంతట తానే మాట్లాడింది. ఈ సముద్రం నీళ్లు ఎవరూ తోడకుండా పోతున్నాయి, ఎవరూ పిలవకుండా వస్తున్నాయి, దీనికి సబ్ర్ చాలు అంది. మన బోరు నీళ్లు అలా పోలేదు, మనం తోడితే పోయాయి, మళ్లీ పోయకుండా ఎన్నేళ్లు సబ్ర్ చేసినా అవి ఎట్లా వస్తాయి అంది. ఆమె చదువుకున్నది ఖుర్ఆన్ ఒక్కటే. అనంతపురం నేల కింద ఉన్నది గట్టి రాయి, ఆ రాతి పగుళ్లలోనే నీరు నిలుస్తుంది, పడిన కొద్దిపాటి వానలో ఇంకేది స్వల్ప భాగమే, ఇంకినదాని కంటే ఎక్కువ తోడితే పగులు ఖాళీ అవుతుంది. ఈ విషయాలు ఆమెకు ఎవరూ చెప్పలేదు. మాకు తెలుసు, అయినా బోరు వేయించాము. ఓపిక పట్టవలసిన చోట తొందరపడటం ఒక తప్పు. చేతులతో సరిదిద్దవలసిన చోట ఓపిక పేరు చెప్పి కూర్చోవడం రెండో తప్పు. మేము రెండూ చేశాము.

ఆ రెండో తప్పు ఏమిటో అమ్మే చెప్పింది. "జనాజా ముందర నిలబడి ఏమన్నారు మీరు?"

మాకు గుర్తుంది. ఇమాం గారు సఫ్‌లు సరిచేస్తూ, మృతుడు ఎవరికైనా బాకీ ఉంటే వారసులు బాధ్యత తీసుకుంటున్నారా అని అడిగారు. మేమిద్దరం ఒక్క గొంతుతో "మాది బాధ్యత" అన్నాము. దైవప్రవక్త (స) కాలంలో ఒక జనాజా ఎదుట, మృతునికి అప్పు ఉందని తెలిసి ఆయన ఆగిపోగా, సహచరుడైన అబూ ఖతాదా (రజి) ఆ బాకీ తాను తీరుస్తానని చెప్పిన తరువాతే నమాజు చేయించారని మనం వింటాము. ఆస్తి పంపకానికి ముందు అప్పు తీరాలన్న ఆజ్ఞ అన్నిసా సూరాలో ఉన్న సంగతి కూడా మనకు తెలుసు. మేము మాత్రం పద్నాలుగు నెలలుగా పొలం అమ్మాలా వద్దా, ఎవరి వాటా ఎంత అని తర్జనభర్జన పడుతున్నాము. అప్పిచ్చిన రైతు ఒక్కసారి కూడా మా గడప తొక్కలేదు. అడగడం లేదు కాబట్టి తొందర లేదనుకున్నాము.

"ఆయప్ప కూతురు పెండ్లి పెట్టుకున్నాడు. బజారులో కనపడితే తల వంచుకొని పోతాడు, నేను ఇబ్బంది పడతానని. అప్పిచ్చినోడు తల వంచుకుంటాంటే నాకు నేల మింద మమకారం ఏందిరా?" అంది అమ్మ. ఆమె మౌనానికి అర్థం అది. పొలం మాట ఎత్తినప్పుడల్లా ఆమె లేచిపోయింది మేము అప్పు మాట ఎత్తనందుకు.

అస్ర్ నమాజు తరువాత చూస్తే నీరు మళ్లుకుంది. ఎప్పుడు మళ్లుకుందో ఎవరూ చూడలేదు. పీతల ఇసుక ఉండలు ఒక్కొక్కటిగా కరిగిపోయాయి. మేము ఇసుకలోనే కూర్చొని లెక్క వేసుకున్నాము. రోడ్డును ఆనుకున్న ఒక ఎకరా అమ్మితే అప్పు పూర్తిగా తీరుతుంది. మిగిలిన మూడు ఎకరాలలో ఎనిమిదో వంతు అమ్మది, తక్కినది మా ఇద్దరిదీ, కదిరిలో ఉన్న మా చెల్లెలిదీ. అప్పుడు మాకు తట్టింది, ఇన్ని నెలల చర్చలో చెల్లెలిని ఒక్కసారి కూడా అడగలేదని. అక్కడి నుండే ఫోన్ చేశాము. సముద్రపు హోరులో ఆమె మాట సరిగా వినపడలేదు. "నా వాటా సంగతి తర్వాత, నాయన అప్పు ముందు తీర్చండన్నా" అన్నది మాత్రం స్పష్టంగా వినబడింది.

మగ్రిబ్ వేళకు కొంచెం అటూ ఇటూగా తూర్పున నీటిలో నుండి చంద్రుడు లేచాడు. మా ఊరిలో చంద్రుడు గుట్టల వెనుక నుండి వస్తాడు. ఇక్కడ ఏ అడ్డూ లేదు. మేము ఇసుక మీద చాపలు పరచి నమాజు చేసుకున్నాము. సజ్దాలో నుదుటికి తడి తగిలింది. ఇషా తరువాత, ఎనిమిదిన్నర ప్రాంతంలో, పాప టార్చిలైటు పట్టుకొని అందరినీ బయటికి లాక్కొచ్చింది. నీరు సరుగుడు పుల్లను చుట్టుముట్టి, ఊపి, చివరికి పెకలించి తీసుకుపోయింది. పాప ఏడుస్తుందేమో అనుకున్నాము. "చెప్పింటి కదా, వస్తుందని" అని చప్పట్లు కొట్టింది.

మరునాడు గుంటూరు వచ్చి రైలెక్కాము. ఊరు చేరిన నెలలోపు ఎకరా అమ్మకం పూర్తయింది. డబ్బు తీసుకొని మేమిద్దరం పొరుగు రైతు ఇంటికి వెళ్లాము. ఆలస్యానికి క్షమించమని అడిగాము. ఆయన డబ్బు లెక్కపెట్టకుండా లోపల పెట్టి, కూతురి పెళ్లి పత్రిక తెచ్చి అమ్మ పేరు రాసి ఇచ్చాడు. మిగిలిన మూడు ఎకరాలలో ఇక బోరు వేయకూడదని తీర్మానించుకున్నాము. ఎండిన ఏడు బోర్ల మూతులను పసిపిల్లలు, మేకపిల్లలు పడకుండా గట్టిగా మూయించాము. పొలం పల్లపు మూలలో వాననీరు నిలిచేటట్లు ఒక కుంట తవ్వించాము. అది నిండితే ఎంత ఇంకుతుందో, ఎన్నేళ్లకు రాతి పగుళ్లు తడుస్తాయో మేము చెప్పలేము. తోడినదానిలో కొంతైనా తిరిగి పోయడం మా వంతు, వానను కురిపించడం అల్లాహ్ వంతు.

కుంట తవ్వించిన రోజు అమ్మ గట్టు మీద కూర్చొని, ఖాళీ గుంతను చూస్తూ, "ఇంక దీనికి సబ్ర్ చేయొచ్చు" అంది.

పాఠక సోదర సోదరీమణులారా, మీ ఇళ్లలో ఎవరైనా ఒక మాట ఎత్తితే లేచి వెళ్లిపోతుంటే, వారు ఏ మాట కోసం ఎదురుచూస్తున్నారో ఒకసారి ఆలోచించండి. అందుకు సముద్రం దాకా పోవలసిన పని లేదు. మా నాయన లోపాలను అల్లాహ్ మన్నించుగాక! ఆయన మీద మేము మోపిన భారాన్ని మా నుండే తీర్పించినందుకు ఆయనకే కృతజ్ఞతలు. మీ దుఆలలో మా నాయననూ, మా నేలనూ తలచుకోండి.